మీ సేవల వెబ్‌సైటు దివ్యాంగులకు పనికిరావాలంటే: విడ్జెట్టా, మరమ్మతా, కొత్త సైటా?

హనుమకొండలో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసి ఇవ్వడం నా వృత్తి. కొన్నేళ్ల కిందట ఒక ట్రావెల్స్ వారికి చేసిన సైటులో ప్రయాణ తేదీని ఎంచుకోవడానికి ముచ్చటైన క్యాలెండర్ ఒకటి అమర్చాను. యజమానికి అది బాగా నచ్చింది. నెల తిరగకముందే కాజీపేటలో ఉండే చూపు లేని ఉపాధ్యాయుడు ఒకరు వారికి ఫోన్ చేస్తే, వారు ఆయనకు నా నంబరు ఇచ్చారు. “అన్నీ నింపిన తమ్మీ. తారీఖు కాడికి వచ్చేసరికి ఫోను ‘బటన్, బటన్, బటన్’ అనుకుంట పోతాంది. ఏ బటన్ ఏ తారీఖో నాకెట్ల తెలుస్తది?” అని ఆయన అడిగారు. ఆ క్యాలెండర్ అమర్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. దాన్ని తీసేసి రోజు, నెల, సంవత్సరం అనే మూడు మామూలు ఎంపిక పెట్టెలు పెట్టడానికి ఒక పూట చాలింది.

ఆ తర్వాత ఇటువంటి పని కోసం నా దగ్గరకు వచ్చిన యజమానుల ముందు దాదాపు ఎప్పుడూ నాలుగు దారులే ఉన్నాయి. ఉన్న సైటుకు ‘అందరికీ అందుబాటు’ అని చెప్పుకునే విడ్జెట్‌ను అతికించడం మొదటిది. సైటును వదిలేసి గూగుల్ ప్రొఫైలుతో, వాట్సాప్‌తో నడిపించడం రెండవది. ఉన్న సైటునే మరమ్మతు చేయించడం మూడవది. కొత్తగా కట్టించడం నాలుగవది. నా అభిప్రాయం ముందే చెబుతాను: వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని ఎక్కువ వ్యాపారాలకు మూడో దారి సరిపోతుంది, రెండోదాన్ని దానికి తోడుగా ఉంచుకోవాలి, నాలుగోది కొందరికే అవసరం, మొదటిది ఎవరికీ వద్దు.

కొలబద్ద ఏమిటి

దారిని ఎంచుకునే ముందు, మీ సైటుకు వచ్చినవారు చేయవలసిన అసలు పని ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. రక్తపరీక్షల కేంద్రమైతే, ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకునేందుకు సమయం బుక్ చేసుకోవడం, ఆ తర్వాత రిపోర్టు చదువుకోవడం. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌కైతే, చిరునామా, సమస్య, వీలైన వేళ తెలియజేయడం. ట్రావెల్స్ వారికైతే, తేదీ, బండి, కిరాయి. ఆ ఒక్క పనిని దివ్యాంగుడైన వినియోగదారుడు మరొకరి సాయం లేకుండా చివరిదాకా పూర్తి చేయగలగడమే కొలబద్ద. నాలుగు దారులనూ దానితోనే కొలవాలి. రక్తపరీక్షల విషయంలో ఇది గుట్టుకు సంబంధించిన సంగతి కూడా. తన షుగరు ఎంత ఉందో, గర్భ పరీక్షలో ఏమి తేలిందో పక్కింటి పిల్లవాడితో చదివించుకోవలసి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది దివ్యాంగులుగా నమోదయ్యారు. ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో ఆ సంఖ్య పది లక్షలు దాటింది. శుక్లాల వల్ల అక్షరాలు మసకగా కనిపించే పెద్దవాళ్లలో, చేతుల వణుకు వల్ల చిన్న బటన్ నొక్కలేనివాళ్లలో చాలామంది ఈ లెక్కలోకి రారు. వీరందరి అవసరాలూ ఒకటి కావు. చూపు లేనివారు తెర మీది మాటలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను వాడతారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి, కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. చూపు తక్కువగా ఉన్నవారు అక్షరాలను రెండింతలు, మూడింతలు పెద్దవి చేసుకుంటారు. ‘వివరాలకు కాల్ చేయండి’ అని మాత్రమే ఉన్న సైటు బధిరుల ముఖం మీద తలుపు వేసినట్టే. చక్రాల కుర్చీ వాడేవారికి ముందుగా తెలియవలసింది మెట్ల సంగతి. ‘మొదటి అంతస్తు, లిఫ్టు లేదు’ అనే నాలుగు మాటలు సైటులో రాయకపోతే, నర్సంపేట నుంచి ఆటో మాట్లాడుకొని వచ్చిన మనిషి కిందనే ఆగిపోవలసి వస్తుంది.

విడ్జెట్: చవకగా కనిపించే ఖరీదైన దారి

చాలా సైట్లలో తెర మూలన గుండ్రటి మనిషి బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కితే అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు మార్చడం, చదివి వినిపించడం వంటి మీటలు వస్తాయి. వీటిని ఓవర్‌లే విడ్జెట్లు అంటారు. ఒక్క వరుస కోడ్ అతికిస్తే చాలునని, ఆ రోజు నుంచే మీ సైటు చట్టానికి, ప్రమాణాలకు లోబడి ఉంటుందని అమ్మేవారు చెబుతారు. పెద్ద కంపెనీల విడ్జెట్లకు ఏడాదికింతని డాలర్లలో చందా కట్టాలి. మనవాళ్లు కొందరు ఉచిత ప్లగిన్లతో సరిపెడతారు.

ఇందులోని చిక్కు సులభంగా అర్థమవుతుంది. చూపు లేని వ్యక్తి మీ సైటుకు వచ్చేసరికే తన ఫోన్‌లో తనకు అలవాటైన గొంతుతో, తనకు నచ్చిన వేగంతో టాక్‌బ్యాక్ నడుస్తూ ఉంటుంది. ఆయనకు రెండో గొంతు అవసరం లేదు. ఆయనకు కావలసింది మీ ఫారంలోని గడికి పేరు. ఆ పేరు మీ కోడ్‌లో లేనప్పుడు విడ్జెట్ దాన్ని ఊహించి పెట్టవలసి వస్తుంది, ఆ ఊహ తరచుగా తప్పుతుంది. బొమ్మగా అతికించిన రేట్ల పట్టికను అది సరిగా చదవలేదు. అక్షరాలు పెద్దవి చేసే మీటలు కూడా ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ ముందే ఉన్నవాటి నకళ్లే. కొన్ని విడ్జెట్లు అసలు స్క్రీన్ రీడర్ పనికే అడ్డుపడతాయి కాబట్టి, వాటిని తమ దగ్గర పనిచేయకుండా ఆపేసుకునే అంధులు కూడా ఉన్నారు.

అమెరికాలో ఈ రంగంలో పేరున్న యాక్సెసిబీ అనే కంపెనీ, తన విడ్జెట్ ఏ సైటునైనా ప్రమాణాలకు తగినట్టు మారుస్తుందని చేసిన ప్రచారం తప్పుదోవ పట్టించేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించి, పది లక్షల డాలర్లు చెల్లించేలా ఒప్పందం చేయించింది. ఆ ఉత్తర్వు మన దేశానికి వర్తించదు. అయినా మీ దగ్గరకు అదే మాటతో వచ్చే అమ్మకందారుణ్ని ఎలాంటి ప్రశ్నలు అడగాలో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆయన ఎదుటే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, విడ్జెట్ సాయంతో మీ సైటులో ఒక బుకింగ్ పూర్తి చేసి చూపించమనండి. నేను అడిగిన సందర్భాల్లో ఆ ప్రదర్శన మరుసటి వారానికి వాయిదా పడింది.

సైటు లేకుండా గూగుల్, వాట్సాప్

ఒక్కడే నడిపే ఏసీ మెకానిక్‌కు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టుకు ఇది చిన్నచూపు చూడవలసిన దారి కాదు. వాట్సాప్ స్క్రీన్ రీడర్‌తో చక్కగా నడుస్తుంది, చాలామంది అంధులు దానికి బాగా అలవాటు పడి ఉన్నారు. బధిరులు రాసి అడగవచ్చు, సంజ్ఞా భాష తెలిసినవారు ఉంటే వీడియో కాల్‌లో మాట్లాడవచ్చు. చదవడం, రాయడం కష్టమైనవారు వాయిస్ మెసేజ్ పంపవచ్చు. ఇంటి లొకేషన్ ఒక్క నొక్కుతో చేరుతుంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైలులో పనివేళలు, ఫోన్ నంబరుతో పాటు చక్రాల కుర్చీతో లోపలికి రావచ్చునా అనే వివరాన్ని కూడా నమోదు చేయవచ్చు. మన ఊళ్లో ఆ గడిని నింపినవారిని నేను చాలా తక్కువగా చూశాను.

లోపాలు రెండు ఉన్నాయి. మొదటిది, ఆ వేదికలు మీవి కావు. గూగుల్ ప్రొఫైలుతో ఉచితంగా వచ్చిన చిన్న సైట్లను నమ్ముకున్న దుకాణాలు ఎన్నో ఉండేవి. 2024 మార్చిలో గూగుల్ వాటన్నింటినీ ఆపేసింది. రెండవది మన అలవాటుకు సంబంధించినది. ‘రేట్లు ఎంత?’ అని వాట్సాప్‌లో అడిగిన ప్రతివారికీ ప్రింటింగ్ ప్రెస్సులో వేయించిన కరపత్రం ఫొటో పంపడం మనకు రివాజు. చూపు లేనివారికి అక్కడ ‘ఫొటో’ అన్న మాట తప్ప ఏమీ వినిపించదు. ఈ దారిలో నడిచేవారు రేట్ల పట్టికను ఒక్కసారి ఓపికగా టైపు చేసి, సిద్ధంగా ఉంచుకునే జవాబుగా భద్రపరచుకుంటే ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది. పరీక్షల పట్టిక నాలుగు పేజీలున్న కేంద్రానికి, ముందస్తు చెల్లింపులు తీసుకునేవారికి, రాత్రి పదకొండుకు కూడా బుకింగ్ కావలసినవారికి మాత్రం ఇది చాలదు.

మరమ్మతు: ఎక్కువమందికి తగిన దారి

ఉన్న సైటు వర్డ్‌ప్రెస్‌లోనో, సైట్లు కట్టే అలాంటి మరో సాధనంలోనో ఉండి, పది పదిహేను పేజీలకు మించకపోతే, తెలిసిన డెవలపర్‌కు ఇది రెండు మూడు రోజుల నుంచి వారం రోజుల పని. ఏ పనులు ముందు చేయించాలో తెలియకపోతే ఆ రోజులు రంగులు మార్చడంలోనే గడిచిపోతాయి కాబట్టి, నేను పాటించే వరుసను ఇక్కడ చెబుతాను.

అన్నింటికంటే ముందు ఫారం. ‘మీ పేరు’ అనే మాట గడి లోపల లేత బూడిద రంగులో కనిపించి, టైపు చేయగానే మాయమైపోయే పద్ధతిని తీసేసి, గడికి పైన శాశ్వతంగా ఉండే పేరు పెట్టి, కోడ్‌లో ఆ పేరును ఆ గడికి ముడివేయాలి. తప్పు జరిగితే గడి అంచు ఎర్రబడటం మాత్రమే చాలదు. ‘ఫోన్ నంబరులో పది అంకెలు ఉండాలి’ అని మాటల్లో రావాలి, ఎందుకంటే ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు, తెరను చూడనివారు ఇద్దరికీ ఆ అంచు లేనట్టే. ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఎంచుకోమనే క్యాప్చాను తొలగించి, మనుషులకు కనిపించకుండా దొంగ ప్రోగ్రాములను పట్టుకునే దాగిన గడి పద్ధతిని వాడవచ్చు. చిన్న సైటుకు అది సరిపోతుంది. ఓటీపీ వాడితే దాన్ని కాపీ చేసి అతికించడానికి వీలుండాలి, ముప్పై సెకన్లలో గడువు ముగిసిపోకూడదు, ఎందుకంటే వింటూ మెసేజ్‌లోకి వెళ్లి తిరిగి రావడానికి చూస్తూ చేసేవారికంటే ఎక్కువ సమయం పడుతుంది.

రెండవది రేట్ల పట్టిక. మన ప్రాంతపు సైట్లలో అన్నింటికంటే పెద్ద అవరోధం నాకు ఇక్కడే కనిపిస్తుంది. డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా అను ఫాంట్లతో తెలుగు టైపు చేస్తున్నారు. అచ్చులో అవి అందంగా ఉంటాయి, కానీ అవి అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ అక్షరాలుగా గుర్తించే యూనికోడ్ పద్ధతివి కావు. తెర మీద ‘రక్తపరీక్ష’ అని కనిపించినా, ఫైలు లోపల ఉండేది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల వరుస. ఆ పీడీఎఫ్‌ను సైటులో పెడితే స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే చదువుతుంది. పరీక్షించడానికి సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కరలేదు: పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని ఎంచుకొని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. పిచ్చి గీతలు వస్తే అది అను ఫాంటు, అసలు ఎంచుకోవడానికే వీలు కాకపోతే అది బొమ్మ. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు పీడీఎఫ్‌లలో కూడా గుణింతాలు, ఒత్తులు తారుమారు కావడం మామూలే. అందువల్ల రేట్లను పీడీఎఫ్‌లో పెట్టవద్దని, యూనికోడ్ తెలుగులో పేజీ మీదే నిజమైన పట్టికగా రాయించమని నేను గట్టిగా చెబుతాను. పరీక్షల పేర్లు ‘సీబీపీ’, ‘థైరాయిడ్’ అని జనం పలికే తీరులోనే ఉంచండి. వాటికి నిఘంటువులోని తెలుగు వెతికి పెడితే వినేవారికి అర్థం కాదు.

రిపోర్టుల సంగతీ ఇలాంటిదే. ల్యాబు సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా వచ్చే ఇంగ్లీషు పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ చాలావరకు చదవగలదు. దాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, మళ్లీ ఫొటో తీసి పంపడంతో అది బొమ్మగా మారిపోతుంది. సంతకాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే చేర్చే వీలుంటే ఆ ప్రింటు కాగితం ఖర్చు కూడా మిగులుతుంది.

మూడవది భాష. పేజీ తెలుగులో ఉంటే, కోడ్‌లో కూడా భాష తెలుగు అని ప్రకటించాలి. ఇంగ్లీషు థీమ్‌ను, అంటే ముందే తయారై ఉన్న సైటు నమూనాను తెచ్చుకొని తెలుగు నింపిన సైట్లలో ఈ ఒక్క చిన్న మార్పు మరిచిపోతారు. అప్పుడు కొన్ని స్క్రీన్ రీడర్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడతాయి, లేదా మౌనంగా దాటేస్తాయి. ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగు అంతకంటే చేటు, ఎందుకంటే దాన్ని తెలుగు గొంతూ సరిగా పలకదు, ఇంగ్లీషు గొంతూ పలకదు. తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ రెండూ విడివిడిగా ఉండి, మధ్యలో స్పష్టమైన లింకు ఉండటం మంచిది. యంత్రానువాదంతో తెలుగు పేజీ తయారైపోతుందని ఆశించవద్దు. ‘బుక్’ చేసుకోమనే బటన్ మీద ‘పుస్తకం’ అని వచ్చిన సైటును నేను స్వయంగా చూశాను.

రంగుల విషయంలో ఒక కొలత గుర్తుంచుకుంటే చాలు. మామూలు పరిమాణంలోని అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3:1. దుకాణం బోర్డుల మీద మనకు ఎంతో ఇష్టమైన పసుపు మీద ఎరుపు సుమారు 3.7:1 దగ్గరే ఆగిపోతుంది. తెల్లటి నేల మీద అచ్చమైన ఎరుపు కూడా 4:1 మాత్రమే. ఎరుపును ముదురు చేస్తే సరిపోతుంది కాబట్టి బోర్డు రంగులను పూర్తిగా వదులుకోవలసిన పని లేదు. తెలుగుకు ప్రత్యేకంగా మరొకటి: కింది ఒత్తులు తర్వాతి వరుసను తాకకుండా వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉంచాలి, సన్నటి గీతల ఫాంట్లను శీర్షికలకైనా వాడకపోవడం మేలు.

మిగిలినవి త్వరగా అయిపోయేవే. బొమ్మలకు వివరణ రాయడం, ‘ఇక్కడ నొక్కండి’ అనే లింకులకు బదులు ‘పరీక్షల రేట్లు చూడండి’ అని పెట్టడం, బటన్లను వేలికి అందేంత పెద్దవి చేయడం, పేజీ తెరవగానే మోగే పాటను తీసేయడం ఇందులోకి వస్తాయి. ఆ పాట ఎంత మధురమైనదైనా, స్క్రీన్ రీడర్ గొంతును మింగేస్తుంది. మ్యాపు అతికించి ఊరుకోకుండా, ‘కాజీపేట వైపు నుంచి వస్తే ఎడమ పక్కన, పెట్రోలు బంకు దాటాక రెండో భవనం, గేటు దగ్గర రెండు మెట్లు’ అని మాటల్లో దారి రాయండి. వీడియోలు ఉంటే తెలుగులో క్యాప్షన్లు చేర్చండి.

కొత్త సైటు ఎప్పుడు కట్టించాలి

మూడు సందర్భాల్లోనే కొత్త సైటుకు నేను ఒప్పుకుంటాను. పాత సైటును చేసిన మనిషి అందుబాటులో లేక, పాస్‌వర్డులు, కోడ్ చేతికి రాని పరిస్థితి ఒకటి. పేజీలన్నీ బొమ్మలతోనే కట్టి ఉండటం మరొకటి. కొనుక్కున్న థీమ్‌లో మెనూ నుంచి ఫారం దాకా ఏదీ కీబోర్డుతో నడవకపోవడం మూడవది. అప్పుడు మరమ్మతుకు అయ్యే రోజులు కొత్తదానికి అయ్యే రోజులను మించిపోతాయి.

కొత్తదానిలోనూ రెండు రకాలున్నాయి. రెడీమేడ్ బిల్డర్లతో మీరే కట్టుకుంటే ఖర్చు తక్కువ, కానీ ఆ టెంప్లేటు ఎంత బాగుంటే మీ సైటూ అంతే బాగుంటుంది, లోపలి కోడ్‌ను మీరు మార్చలేరు. వర్డ్‌ప్రెస్‌లో అందుబాటుకు అనుకూలమని గుర్తించిన థీమ్‌లను విడిగా వెతుక్కునే వీలు ఉంది. స్థానిక డెవలపర్‌తో పని చేయించేటప్పుడు అటువంటి థీమ్‌తోనే మొదలుపెట్టమని అడగండి. నా సలహా అయిదు పేజీలకు మించవద్దని: సేవలు, రేట్లు, బుకింగ్, చిరునామా, తరచూ అడిగే ప్రశ్నలు. కదిలే బొమ్మల వరుస, తేలియాడే చాట్ పెట్టె, పండుగ శుభాకాంక్షల పాపప్ ఇవన్నీ మొదటి రోజు ముచ్చటగా ఉంటాయి. ఆ తర్వాత ఒక్కొక్కటీ అడ్డంకిగా మారుతుంది. మేడారం జాతర రోజుల్లో బండ్లు బుక్ చేసుకునేవారి తాకిడి పెరిగినప్పుడు తేలికైన పేజీలు నెట్‌వర్క్ బలహీనంగా ఉన్న ములుగు వైపు ఊళ్లలో కూడా తెరుచుకుంటాయి, కాబట్టి ఈ పొదుపు ట్రావెల్స్ వారికి మరీ పనికివస్తుంది.

చట్టం సంగతి కొంచెం

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మరుసటి ఏడాది ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. సేవలందించేవారు ప్రభుత్వానికి చెందినవారైనా ప్రైవేటువారైనా నిబంధనల ప్రకారం తమ సేవలను అందుబాటులో ఉంచాలని దాని 46వ సెక్షన్ చెబుతుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల రూపాయల దాకా, మళ్లీ ఉల్లంఘిస్తే యాభై వేల నుంచి అయిదు లక్షల దాకా జరిమానా విధించేందుకు 89వ సెక్షన్ ఉంది. వెబ్‌సైట్లకు, యాప్‌లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 17802. దాని వెనుక ఉన్నది ప్రపంచమంతా వాడే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల 2.1 వెర్షన్. సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో, అందుబాటు నిబంధనలు ఐచ్ఛికంగా ఉండరాదని, తప్పనిసరిగా పాటించవలసినవి ఉండాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలను అందుకోగలగడాన్ని జీవించే హక్కులో భాగంగా చూసింది. డెవలపర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడు ‘డబ్ల్యూసీఏజీ 2.1, ఏఏ స్థాయి’ (మూడు స్థాయిల్లో మధ్యది) అని పేర్కొంటే కనీస లక్ష్యం స్పష్టంగా ఉంటుంది. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 వెర్షన్‌లో బటన్ కనీస పరిమాణం, లాగి కదపవలసిన మీటలకు ప్రత్యామ్నాయం వంటివి చేరాయి. ఫోన్‌లోనే అన్నీ చేసుకునే మన వినియోగదారులకు అవి ఉపయోగపడేవే కాబట్టి, కొత్తగా కట్టించేవారు దాన్నే రాసుకోవచ్చు.

పరీక్ష: యంత్రమా, మనిషా

క్రోమ్ బ్రౌజర్‌లోని లైట్‌హౌస్, వేవ్, యాక్స్ వంటి ఉచిత సాధనాలు నిమిషంలో తప్పుల జాబితా ఇస్తాయి. వాటితో మొదలుపెట్టడం మంచిదే. పేరు లేని గడులను, వెలిసిన రంగులను అవి బాగా పట్టుకుంటాయి. అయితే వంద మార్కులు వచ్చాయని డెవలపర్ చూపించే స్క్రీన్‌షాట్‌ను చూసి చివరి వాయిదా ఇచ్చేయవద్దు. లైట్‌హౌస్‌లో నూటికి నూరు తెచ్చుకుంటూనే ఎవరూ వాడలేని పేజీని తయారు చేయవచ్చునని 2019లో ఒక వెబ్ నిపుణుడు కావాలని కట్టి మరీ చూపించాడు. బొమ్మకు వివరణ ఉందో లేదో యంత్రం చెబుతుంది. ఆ వివరణలో ‘ఐఎంజీ 2034’ అని ఉంటే దాని అర్థం లేనితనాన్ని మనిషే చెప్పాలి.

యజమాని తానే చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి. మొదటిది, కంప్యూటర్‌లో మౌస్‌ను పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ మీటలతోనే బుకింగ్ పూర్తి చేయడం. ఏ క్షణంలో ఎక్కడ ఉన్నామో తెర మీద కనిపిస్తూ ఉండాలి. రెండవది, ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకొని అదే పని చేయడం. అందులో వేలిని కుడివైపు జరిపితే తర్వాతి అంశం వినిపిస్తుంది, రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. దాన్ని ఆపేయడం ఎలాగో ముందే నేర్చుకొని ఆన్ చేయండి. నా పరిచయస్థుడైన ఒక దుకాణదారు అలా నేర్చుకోకుండా మొదలుపెట్టి, ఫోన్ మాట వినడం లేదని సాయంత్రం దాకా దాన్ని పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఈ రెండూ అయ్యాక, రోజూ స్క్రీన్ రీడర్ వాడే వ్యక్తిని ఒకరిని పిలిచి గంటసేపు సైటు వాడి చూడమని అడగాలి. ఇంటికొచ్చి ఏసీ విప్పి చూసిన మెకానిక్‌కు విజిటింగ్ చార్జి ఇస్తాం కదా, ఈ గంటకూ అలాగే డబ్బు ఇవ్వాలి, సేవగా అడగవద్దు. ఆయన సైటు వాడుతున్నప్పుడు మధ్యలో సాయం చేయకుండా కూర్చోవడం యజమానులకు చాలా కష్టమవుతుంది. అయినా ఆయన ఎక్కడ ఆగిపోతారో అదే మీరు తెలుసుకోవలసిన చోటు.

ఎవరికి ఏది

ఒక్కడే పనిచేసే మెకానిక్, ఎలక్ట్రీషియన్, ఇంటికొచ్చే ట్యూటర్ అయితే గూగుల్ ప్రొఫైలు, వాట్సాప్, టైపు చేసి ఉంచుకున్న రేట్ల జవాబు చాలు; ఆ డబ్బును సైటు మీద పెట్టవద్దు. ముగ్గురు నలుగురు పనివాళ్లు, సాధారణ సైటు ఉన్న ట్రావెల్స్, రిపేర్ షాపు, టాక్స్ కన్సల్టెంట్ మరమ్మతు చేయించుకుని, ప్రతి పేజీ అడుగున ఫోన్‌తో పాటు వాట్సాప్ లింకును కూడా పెట్టాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కదానితోనూ అందరికీ పని జరగదు. రక్తపరీక్షల కేంద్రాలకు, కంటి ఆసుపత్రులకు, ఫిజియోథెరపీ క్లినిక్‌లకు నా సలహా కొంచెం కఠినంగా ఉంటుంది: వారి దగ్గరకు వచ్చేవారిలో దివ్యాంగులు, వృద్ధులు సహజంగానే ఎక్కువ కాబట్టి ఫారం, రిపోర్టు రెండింటినీ ఒకేసారి బాగు చేయించాలి, అవసరమైతే కొత్తగా కట్టించాలి. బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను బయటి కంపెనీ నుంచి అద్దెకు తీసుకునేవారు మాత్రం సైటును ఎంత బాగు చేయించినా లాభం ఉండదు. బుకింగ్ బటన్ నొక్కగానే వినియోగదారుడు ఆ కంపెనీ పేజీలోకి వెళ్లిపోతాడు. అటువంటివారు ఏడాది చందా కట్టే ముందు ఆ పేజీని టాక్‌బ్యాక్‌తో నడిపి చూడాలి.

డెవలపర్‌కు డబ్బు మూడు వాయిదాలుగా ఇవ్వండి. చివరి వాయిదాను సైటు తెరుచుకున్న రోజున కాకుండా, చూపు లేని ఒక వ్యక్తి మీ ఎదుట బుకింగ్ పూర్తి చేసిన రోజున ఇస్తామని ఒప్పందంలో రాయించండి. ఆ తర్వాత రేట్లు మార్చేది, పండుగ ఆఫర్ పెట్టేది మీ దుకాణంలో పనిచేసే కుర్రవాడే కాబట్టి, రేటును బొమ్మగా కాకుండా అక్షరాల్లో ఎలా మార్చాలో అతనికి అరగంట కూర్చోబెట్టి నేర్పడం కూడా అదే ఒప్పందంలో ఉండాలి.